నాడి పట్టి గుండెను చదివిన ఇబ్నెసీనా

యునానీ హకీం సాహెబు రోగి మణికట్టు మీద వేళ్లు ఆనించి, కొంతసేపు మౌనంగా ఉండిపోవడం మన పెద్దలు చాలామంది చూసిందే. ఆ నబ్జ్ విద్యను శాస్త్రంగా క్రోడీకరించిన వారిలో అగ్రగణ్యులు అబూ అలీ హుసైన్ ఇబ్నెసీనా.

ఆయన హిజ్రీ 370 (క్రీ.శ. 980)లో బుఖారా సమీపంలోని అఫ్‌షనా గ్రామంలో జన్మించారు. పదేళ్లకే దివ్య ఖురాన్ నేర్చుకున్నారు. చదువులో చిక్కు ఎదురైతే మసీదుకు వెళ్లి నమాజు చేసి, అది విడిపోయేదాకా దుఆ చేసేవారు. పదహారేళ్ల వయసుకే వైద్యులు ఆయన దగ్గర పాఠాలు చదువుకున్నారు. ఆయన తాత్విక భావాలతో ఇమామ్ గజాలీ (రహ్మ) తీవ్రంగా విభేదించారు. అది వేరే చర్చ.

తర్వాతి జీవితమంతా ఊరూరా తిరుగుడే. హమదాన్‌లో వజీరు పదవి దక్కింది, సైన్యం తిరగబడింది, ఫర్దజాన్ కోటలో నాలుగు నెలల ఖైదు కూడా తప్పలేదు. ఈ అలజడిలోనే ‘అల్ ఖానూన్’ను పూర్తి చేశారు. గుండె మందుల మీద విడిగా ఒక గ్రంథం రాశారు.

నాడి ఒక్కసారి కొట్టుకోవడంలో రెండు కదలికలు, రెండు విరామాలు ఉన్నాయని ‘ఖానూన్’ వివరిస్తుంది. వేగం, బలం, క్రమం, లయ వంటి పది లక్షణాలు చూడమంటుంది. జింకలా గెంతే నాడి, చీమలా పాకే నాడి అని పేర్లు కూడా పెట్టింది.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది ప్రేమవ్యాధి అధ్యాయం. మనసులోని పేరు చెప్పకుండా చిక్కిపోతున్న రోగి నాడి పట్టుకుని, వరుసగా పేర్లు, వీధులు, ఇళ్లు ప్రస్తావించాలి. ఏ మాట దగ్గర నాడి తడబడుతుందో పదే పదే గమనించాలి. ఇలా తాను స్వయంగా పరీక్షించి తెలుసుకున్నట్లు ఇబ్నెసీనా రాశారు. వేరే మందు పనిచేయకపోతే ధర్మం, షరీఅత్ అనుమతించే మార్గంలో ఆ ఇద్దరినీ కలపమన్నారు. బిడ్డ మనసు తెలియక తావీజుల కోసం తిరిగే తల్లిదండ్రులు ఈ అధ్యాయం వినాలి.

అంతా ఆయనే కనిపెట్టారనడం మాత్రం సరికాదు. మనసు కలత నాడిలో తెలుస్తుందని ఆయనకు ముందే గ్రీకు వైద్యుడు గాలెన్ రాశాడు. గుండె నిర్మాణంలో ఇబ్నెసీనా చాలావరకు గాలెన్‌నే అనుసరించారు. రక్తం గుండె గోడ గుండా కాక ఊపిరితిత్తుల మీదుగా ఎడమ గదికి చేరుతుందని ఇబ్నె నఫీస్ 1242లో సరిదిద్దారు, అదీ ‘ఖానూన్’ వ్యాఖ్యానంలోనే. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుందని 1845లో వెబర్ సోదరులు చూపించారు. గుండె కుడి పైగదిలో లయను పుట్టించే చిన్న కణుపును 1907లో కీత్, ఫ్లాక్ గుర్తించారు. పేరు వినగానే నాడి ఎందుకు తడబడుతుందో అప్పటి నుంచే విడమరచి చెప్పడం వీలైంది.

ఫర్దజాన్ ఖైదులో ఇబ్నెసీనా ఖూలంజ్ అనే పేగు నొప్పి మీద ఒక పుస్తకం రాశారు. చివరికి ఆ జబ్బే ఆయన్ను పట్టుకుంది. బానిసలను విముక్తులను చేసి, ఆస్తిని పేదలకు పంచారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 428 (క్రీ.శ. 1037) రంజాన్ నెలలో హమదాన్‌లో కన్నుమూశారు. సమాధి అక్కడే ఉంది.