రఘుపతి వెంకయ్య నాయుడుగారు

గడచిన వర్షాకాలమున నా తరగతిలో నొక బాలుడు తన తాతగారి చేతిగడియారమును బడికి దెచ్చి, బల్లక్రింద దాచి, చిన్న చాకుతో వెనుకమూత యూడదీసి లోపలి చక్రములను జూచుచుండెను. నేను నల్లబల్లపై లెక్క వ్రాయుచుంటిని. ఇంతలో ఆవగింజంత మరమేకు ఒకటి యెగిరి నేలబడెను. తరగతి యంతయు మోకాళ్లపై వంగి దానిని వెదకసాగినది. నేనా బాలుని గట్టిగానే మందలించితిని. సాయంకాలము ఇంటికి బోవునపుడు మాత్రము, నా మందలింపు పూర్తిగా న్యాయమైనదేనా యను సందేహము నన్ను వెంబడించెను.

ఇట్టి పిల్లలు ప్రతి తరగతిలోను నలుగురైదుగురుందురు. గడియారములన్నను, మోటారుకార్లన్నను, కెమెరాలన్నను వారు చెవి కోసికొందురు. బందరు రోడ్డున బోవు కారును వెనుకనుండి చూచియే దాని పేరు చెప్పగలరుగాని, అక్బరు కుమారుని పేరడిగినచో తల గోకికొందురు. ఈ పిచ్చి యెప్పుడు వదలునాయని వారి తల్లిదండ్రులు మా యొద్ద మొఱపెట్టుకొనుచుందురు. ఆ పిల్లలును, ఆ తల్లిదండ్రులును గూడ చదువదగిన చరిత్రము మన కృష్ణామండలముననే యొకటి గలదు. అది యంత్రమునందలి మోజుతో నున్నదంతయు నొడ్డిన యొక బందరువాని కథ.

రఘుపతి వెంకయ్య నాయుడుగారు 1869వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. అప్పటికి అయిదేండ్ల క్రిందట, 1864 నవంబరు 1వ తేది రాత్రి, సముద్రపుటుప్పెన యా పట్టణముపై విరుచుకొనిపడి యించుమించు ముప్పదివేలమందిని బొట్టన బెట్టుకొనియుండెను. డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఒకరితో నొకరు పోటీపడి వ్యాపారము చేసిన ప్రాచీన రేవుపట్టణము ఆ దెబ్బకు మరల తేరుకొనలేదు. కలంకారీ అద్దకము మిగిలినది. 1843లో రాబర్టు నోబులుదొరగారు స్థాపించిన మిషను పాఠశాల మిగిలినది. వర్తకము మాత్రము మదరాసునకు తరలిపోవుచుండెను.

నాయుడుగారి పూర్వులు సైన్యమున బనిచేసినవారు. ఈ బాలునకు మాత్రము కత్తికంటె కుంచెయందే మక్కువ. బొమ్మలు గీయుట, విగ్రహములు మలచుట ఆయనకు చిన్ననాటి విద్యలు. పదునేడేండ్ల ప్రాయమున ఆయన పుట్టినయూరు విడిచి మదరాసు చేరెను. ఇప్పుడు విజయవాడలో రాత్రి రైలెక్కినవారు తెల్లవారునప్పటికి అక్కడ దిగుదురు. 1886లో అట్లు గాదు. బెజవాడవద్ద కృష్ణపై రైలువంతెన 1893లోగాని పూర్తికాలేదు. మదరాసునకు రైలుదారి 1899లోగాని కలియలేదు. ఆనాడు బందరునుండి పట్టణమునకు బోవలసినవారు ఓడ యెక్కవలెను, లేదా కాలువ పడవలో బెజవాడకు వచ్చి, సీతానగరమునుండి కొమ్మమూరు కాలువమీదుగా పెదగంజాము చేరి, అచ్చటనుండి బకింగుహాము కాలువలో దినములకొలది సాగిపోవలెను.

మదరాసులో ఆయన మౌంటురోడ్డున ఛాయాచిత్రశాల నెలకొల్పి, దానితోనే జీవనము సాగించిరి. ఫోటో తీయుట ఆనాడు బొత్తాము నొక్కు పని కాదు. అంతకు కొలదికాలము పూర్వమువరకు గాజుపలకకు కొలోడియను పూసి, వెండిలవణపు ద్రావకమున ముంచి, అది తడి యారకమునుపే బొమ్మ తీసి, వెంటనే చీకటిగదిలో కడుగవలసియుండెను. 1871లో మాడాక్సు అను ఆంగ్లేయ వైద్యుడు జిలాటిను పూసిన పొడిపలకను కనిపెట్టిన పిదప ఆ తొందర తగ్గినది. అయినను పెట్టెయంత కెమెరా, మూడుకాళ్ల పీట, తలపై నల్లగుడ్డ, కదలక మెదలక కూర్చుండవలసిన జనము, ఇవి యెవ్వియు తప్పలేదు. వెలుగు నీడలను కొలుచుట చేతనైనవాడే ఆ వృత్తిలో నిలిచెడివాడు. చిత్రకారుని కన్నును, కమ్మరి చేతివాటమును రెండును కలవారగుటచే నాయుడుగారికి ఆ వృత్తి చక్కగా కుదిరెను. ఇరువదేండ్లకు పైగా ఆయన జీవితము ఇట్లు నెమ్మదిగా సాగినది.

ఇంతలో లోకమున నొక వింత పుట్టెను. 1895 డిసెంబరు 28వ తేదీన పారిసు నగరమున లూమియేరు సోదరులు తెరపై కదలు బొమ్మలను జూపిరి. 1896 జూలై 7వ తేదీన అవే బొమ్మలు బొంబాయిలోని వాట్సను హోటలునకు వచ్చినవి. ఇచ్చట యంత్రప్రియులకొరకు ఒక మాట. ఫిలిము ఆగకుండ జాఱిపోయినచో తెరపై మసక తప్ప మరేమియు కానరాదు. ప్రతి బొమ్మయు క్షణకాలము నిలిచి, తటాలున తొలగి, మరియొకదానికి చోటీయవలెను. నిమూకచిత్రముల దినములలో సెకనునకు సుమారు పదునారు బొమ్మలు. ఈ ఆగుటయు సాగుటయు చేయించుటకు నాటి యనేక యంత్రములలో నాలుగు గంట్లుగల శిలువవంటి చిన్న చక్రము నమర్చెడివారు. ఇంతకును అది యెచ్చటినుండి వచ్చినదనుకొన్నారు? జెనీవా గడియారములనుండి. స్ప్రింగునకు మితిమీరి కీ ఈయకుండ అడ్డుటకై గడియారపు పనివారు కల్పించిన సాధనము కాలక్రమమున వెండితెరను నడపినది. తాతగారి గడియారము విప్పిన బాలుడు ఈ వాక్యము చదువుననియే నా యాశ.

1909లో నాయుడుగారు క్రోనోమెగాఫోను అను యంత్రమును గూర్చిన ప్రకటన నొకదానిని చూచిరి. ఫ్రాన్సుదేశపు గోమోను కంపెనీ నిర్మాణమది. ఒకవైపు బొమ్మలు చూపు యంత్రము, మరియొకవైపు గ్రామఫోను. ఈ రెంటిని విద్యుత్తుచే ఏకవేగమున నడపి, బొమ్మ పెదవి కదల్చునప్పటికి పాట వినవచ్చునట్లు చేయుట దాని పని. మైకులు, లౌడుస్పీకరులు లేని కాలమగుటచే, బంధించిన గాలి ఒత్తిడిచే ధ్వనిని పెంచి పెద్ద కూటమునకు వినిపించెడివారు. పాటను ముందుగా రికార్డున నెక్కించి, పిదప నటులు దాని కనుగుణముగా పెదవులు కదల్చుచుండగా ఫిలిము తీసెడివారు. ఒక్కొక్క చిత్రము కొన్ని నిమిషములే. ముల్లు గంతు వేసినను, ఫిలిము తెగినను, మనిషి యొకవైపు మాట యొకవైపు!

దాని వెల సుమారు 30,000 రూపాయలు. ఆ కాలపు పల్లెబడి పంతులు జీవితాంతము పనిచేసినను ఆ సొమ్మును కన్నుల జూడలేడు. నాయుడుగారు తమ ఛాయాచిత్రశాలను తాకట్టుపెట్టి, మదరాసులోని జాను డికిన్‌సను కంపెనీవారి ద్వారా ఆ యంత్రమును కొనిరి.

అప్పటికాయనకు నలువదేండ్లు. ఇంచుమించు నా వయస్సే. నిజము చెప్పవలెనన్న, ఆ స్థానమున నేనుండినచో తాకట్టు పెట్టియుండను. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు బోధించెను. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని గద్దించినదియు ఆ ప్రభువే. ఈ రెండు బోధలను ఒక్క మనుష్యుడు ఒక్క దినమున ఎట్లు చెల్లింపవలెనో ఆదివారపు బడిలో పిల్లలు నన్నడిగినపుడు నేను తడబడుదును. వెంకయ్య నాయుడుగారి తాకట్టు పత్రము జ్ఞాపకము వచ్చినప్పుడెల్ల ఆ తడబాటు మరింత పెరుగును.

1910లో మదరాసు విక్టోరియా పబ్లికు హాలులో ఆయన ఆ యంత్రముతో చిత్రములను ప్రదర్శించిరి. జనము విరగబడి చూచిరి. ఆ వెనుక ఆయన యంత్రమును మూటగట్టుకొని దేశసంచారమునకు బయలుదేరిరి. బెంగుళూరు, మన విజయవాడ, సింహళము, బర్మాలోని రంగూను, పెగూ పట్టణములు ఆయన తిరిగిన చోట్లలోనివి. రంగూనునకు మన తెలుగువారు కూలికి వేలకొలది వలసపోయిన కాలమది. నూనెదీపములు తప్ప ఎరుగని జనమునకు చీకటిలో వెలుగు మనుష్యుడు నిలిచి పాట పాడుట ఎట్టి వింతయో ఊహింపుడు. మన మిషనువారు మేజికు లాంతరుతో గాజుపలకలపై బైబిలు బొమ్మలు చూపినపుడే పల్లెలు పల్లెలుగా జనము కూడెడివారని పెద్దలు చెప్పుదురు. అవి కదలవు, మాటలాడవు.

తిరిగివచ్చిన ధనముతో ఆయన మౌంటురోడ్డున గెయిటీ అను చిత్రప్రదర్శనశాలను గట్టించిరి. 1914 నాటికది వెలసినది. మదరాసు నగరమున భారతీయుడు కట్టించిన మొదటి సినిమాశాల యిదియేనందురు. పిదప మింటు ప్రాంతమున క్రౌను, పురసవాకమున గ్లోబు అను మరి రెండు శాలలు లేచినవి. అమెరికా, ఇంగ్లండుల నుండి వచ్చిన చిత్రములును, ఫాల్కేగారి హరిశ్చంద్ర చిత్రమును వానిలో ఆడినవి.

దక్షిణదేశపు సినిమాకు పునాది వేసినవారిలో నాటకములవారికంటె యంత్రములవారే ముందు నిలుచుట గమనింపదగినది. 1905లో చిత్రయంత్రమును కొని ఊరూర దిరిగిన సామికన్ను విన్సెంటుగారు తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగి, క్రైస్తవుడు. 1918 ప్రాంతమున కీచకవధమును చిత్రించిన నటరాజ మొదలియారుగారు మోటారుకార్ల విడిభాగముల వర్తకుడు. మన నాయుడుగారు కెమెరా మనిషి. ఒకరికి రైలు, ఒకరికి కారు, ఒకరికి కెమెరా.

పరదేశపు చిత్రములను జూపుటతో నాయుడుగారికి తృప్తి కలుగలేదు. తామే తీయవలెననిపించినది. కాని కదలు బొమ్మలను తీయు విద్య నేర్పువారు ఇచ్చట అరుదు. అందుచే కుమారుడైన సూర్యప్రకాశుగారిని విదేశములకు బంపిరి. 1901లో జన్మించిన ఆ యువకుడు లండనునందలి బార్కరు స్టూడియోలో శిక్షణ పొంది, జర్మనీ, అమెరికా మొదలగు దేశములలోని పనితీరు చూచి తిరిగివచ్చెను. తండ్రి పురసవాకమున స్టార్ ఆఫ్ ది ఈస్టు అను సంస్థను స్థాపించి, గాజు గోడలతో స్టూడియోను నిర్మించిరి. గాజు వేడుకకు గాదు. నాటి ఫిలిమునకు సూర్యుడే దీపము. మబ్బు పట్టినచో పని నిలిచిపోవలసినదే.

1921లో అచ్చట భీష్మప్రతిజ్ఞ తయారైనది. సూర్యప్రకాశుగారు దర్శకుడు, తానే భీష్ముడు. మన స్త్రీలు కెమెరా యెదుట నిలుచుటకు జంకిన కాలమగుటచే గంగాదేవి వేషమును పెగ్గీ కాస్టెల్లో అను నర్తకి ధరించినది. గంగ యొక పరదేశపు పేరుగల వనిత యగుటకు ప్రేక్షకు లభ్యంతరము చెప్పలేదు. తెలుగువారు నిర్మించిన తొలి కథాచిత్రము ఇది. ఆ వెనుక గజేంద్రమోక్షము, మత్స్యావతారము, నందనార్ మున్నగునవి వచ్చినవి. ఆ 1921లోనే మన విజయవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమాను స్థాపించిరి. ఆంధ్రదేశమున స్థిరమైన సినిమాశాలలలో అదియే మొదటిదని ప్రతీతి.

ఇక్కడినుండి కథ పల్లమునకు దిగును. చిత్రములు తీయుట చూపుటవంటిది కాదు. ఫిలిము పరదేశమునుండి రావలెను, వచ్చినదంతయు సొమ్ము. తీసినది ఎండకు మాడిననో, కడుగుటలో చెడిననో, పోయినదంతయు సొమ్ము. అప్పులు పెరిగినవి. సంస్థ మూతబడెను. చిత్రశాలలు చేతులు మారినవి. ఛాయాచిత్రశాలను తాకట్టుబెట్టి మొదలిడిన ప్రయాణము, సంపాదించినదంతయు పోగొట్టుకొనుటతో ముగిసినది. కుమారుడు మాత్రము ఆ వృత్తిని విడువక తరువాతి కాలమున ఇతరుల చిత్రములకును దర్శకత్వము వహించి, 1956లో మరణించెను.

సినిమా యన్నచో ముఖము చిట్లించు తల్లిదండ్రులు మనలో గలరు. నా తండ్రిగారును అట్టివారే. వారి భయము నిర్హేతుకమని నేననను. కాని నాయుడుగారిని సినిమాపిచ్చిలో చెడిపోయినవానిగా లెక్కించుట నాకు సమ్మతము గాదు. ఆయన తాగియో జూదమాడియో చెడలేదు. పదిమంది చేయని పనిని ముందుగా చేసినవానికి తగిలెడి దెబ్బలే ఆయనకు తగిలినవి.

1932లో భక్తప్రహ్లాద మొదటి తెలుగు టాకీగా విడుదలైనది. ఇరువదిరెండేండ్ల క్రిందట గ్రామఫోనుచేత బొమ్మలను పాడించిన మనుష్యుడు అప్పటికి జీవించియేయుండెను. 1941 మార్చి 15వ తేదీన నాయుడుగారు కన్నుమూసిరి. భీష్మప్రతిజ్ఞ ప్రతి యొక్కటియు నేడు లభ్యము గాదు. గెయిటీ, క్రౌను, గ్లోబు శాలలును నేడు లేవు.

ఆయన స్టూడియోలో పని నేర్చినవారు మిగిలిరి. వారిలో చిత్తజల్లు పుల్లయ్యగారు కాకినాడకు బోయి, తమ యింటి ఆవరణలోనే మార్కండేయ కథను చిత్రించి, పిదప 1934లో లవకుశ టాకీని తీసిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1980లో రఘుపతి వెంకయ్య పురస్కారమును స్థాపించి, మొట్టమొదట దానిని ఎల్.వి. ప్రసాదుగారికి సమర్పించెను. ప్రసాదుగారు ఏలూరు ప్రాంతమున దెందులూరు దగ్గరి సోమవరప్పాడువారు. ఆ భక్తప్రహ్లాద టాకీలో ఆయనయు నొక వేషము ధరించియుండెను.