పట్టము లేని చరిత్రకారుడు: మల్లంపల్లి సోమశేఖర శర్మ

నరసరావుపేటనుండి గుంటూరునకు పోవు బస్సు ఫిరంగిపురము మీదుగా పోవును. ఎం.ఏ. చదువుటకై నాగార్జున విశ్వవిద్యాలయమునకు పోవు పల్నాటి విద్యార్థులలో పెక్కుమందికి అదియే దారి. అచ్చట దక్షిణదిశగా కానవచ్చు కొండలే కొండవీడు.

ఆ ఫిరంగిపురమున దొరికిన శాసన మొకటి కలదు. కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి దేవేరి సూరాంబ, సంతానసాగరమను చెరువు త్రవ్వించిన వృత్తాంత మందున్నది. కాలము శక సంవత్సరము 1331. దానికి 78 కలిపినచో క్రీస్తుశకము 1409 అగును. రచించినవాడు శ్రీనాథుడు. మనము తరగతిలో శృంగారనైషధకర్తయని పాఠము చెప్పు శ్రీనాథుడే! తెలుగు పంతులు ఆ పేరు చూచి పద్యమును తలచుకొనును. చరిత్ర చదువువాడు చెరువును తలచుకొనును. ఈ రెండు చూపులు ఒక్కనియందే కలిసిన మనుష్యులు మిక్కిలి అరుదు. అట్టివారిలో మల్లంపల్లి సోమశేఖర శర్మగారు ముఖ్యులు.

శర్మగారు 1891లో పశ్చిమ గోదావరి ప్రాంతమందలి మినిమించిలిపాడున జన్మించిరి. బాల్యమును గూర్చి విస్తరింపను. చెప్పవలసిన దొక్కటియే: ఆయనకు విశ్వవిద్యాలయ పట్టము లేదు. ఆంధ్రుల చరిత్రము వ్రాసిన చిలుకూరి వీరభద్రరావుగారి సాహచర్యము ఆయన మనస్సును చరిత్రవైపు త్రిప్పినది. పిమ్మట మదరాసు చేరిరి. అచ్చట కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టి యుండిరి. శర్మగారు ఆ కార్యమున సహాయకులైరి. సర్వశాస్త్రములను తెలుగున చెప్పవలెనని పూనుకొన్న ఆ చిన్న కార్యస్థానమే ఆయనకు కళాశాల యైనదనుట అతిశయోక్తి కాదు. 1923లో లక్ష్మణరావుగారు గతించిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ భారమును తలకెత్తుకొనగా, అందును శర్మగారు పాలుపంచుకొనిరి.

శాసనము చదువుట యనిన నేమో మన విద్యార్థులలో పలువురికి తెలియదు. రాతిపై తడికాగితము పఱచి, కుంచెతో మోది, అక్షరముల గుంటలలోనికి అది దిగిన పిదప పైన సిరా అద్దుదురు. గుంటలు తెల్లగా నిలిచి, తక్కినది నల్లనగును. ఆ కాగితమును ముందుంచుకొని చదువువాడు ఒక్కొక్క యక్షరమును గుర్తింపవలెను. లిపి కాలక్రమమున మారుచు వచ్చినది. రాయి పగిలి యుండును. చెక్కినవాడు తప్పు చేసి యుండును. ఒక్క యంకె తప్పు చదివినచో ఒక రాజు తన తండ్రికంటె ముందు పుట్టును! ఈ విద్యను శర్మగారు పరీక్షకొఱకు నేర్చినవారు కారు.

ఆయన పరిశ్రమకు ఒక్క దృష్టాంతము చాలును. 1323లో ఓరుగల్లు పడిపోయెను. అంతటితో కాకతీయుల కథ ముగిసినదనియు, వెంటనే రెడ్డి రాజులు, విజయనగరము వారు రంగమునకు వచ్చిరనియు చెప్పుకొనుట పరిపాటి. నడుమ ఏమి జరిగెను? ఓరుగంటిని తిరిగి గెలిచిన వారెవరు? 1423 నాటి కలువచేరు తామ్రశాసనము మొదలగు ఆధారములను కూర్చి, ముసునూరి ప్రోలయ నాయకుని, కాపయ నాయకుని, వారికి తోడ్పడిన డెబ్బదియైదుగురు నాయకులను శర్మగారు వెలుగులోనికి తెచ్చిరి. విస్మృతమైన అధ్యాయమని అర్థము వచ్చునట్లు ఆ గ్రంథమునకు ఆంగ్లమున పేరు పెట్టిరి. ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనమును నేలటూరి వేంకటరమణయ్యగారితో కూడి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించిరి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడినది. పట్టము లేని ఈ పండితుని అది తన చరిత్రశాఖలోనికి తీసికొనెను. ఆయన రచించిన రెడ్డి రాజ్యముల చరిత్రను 1948లో ఆంగ్లమున ప్రచురించెను. పట్టము లేనివాడు వ్రాసిన ఈ గ్రంథమును, రెడ్డి రాజులపై పరిశోధింపబూనిన వారందఱును నేటికిని చదువవలసియే యున్నది. నేటి నియమములలో నైనచో శర్మగారు ఉపన్యాసక పదవికి దరఖాస్తు పెట్టుటకైనను అర్హులు కారు. ఇందువలన పట్టము వ్యర్థమని నే ననను. గ్రంథాలయము, తోడి పండితులు, అచ్చువేయు సంస్థ దొరకుట వలననే ఆయన జీవితకాల పరిశ్రమ పుస్తకరూపమున నిలిచినది. ఆనాటి విశ్వవిద్యాలయము కాగితమును గాక మనిషిని చూచినదని మాత్రము చెప్పక తప్పదు.

ఆ గ్రంథమున రాజుల వంశక్రమమును, యుద్ధములను తెలుపు భాగము కఠినము. నేను రెండు మార్లు మధ్యలో ఆపితిని. ప్రజాజీవనమును తెలుపు భాగము అట్లు కాదు. వర్తకము, పండుగలు, వేషభాషలు, వినోదములు అన్నియు నందున్నవి. అందులకు ఆయన శాసనములతోపాటు కావ్యముల నాశ్రయించిరి. హరవిలాసమును శ్రీనాథుడు అవచి తిప్పయసెట్టి కంకిత మిచ్చెను. ఆ సెట్టి కుమారగిరి రెడ్డికి సుగంధద్రవ్యములు దూరదేశములనుండి తెప్పించి యిచ్చినవాడు. మనము ఆ యవతారికను అలంకారముగా చదివి పుట త్రిప్పుదుము. చరిత్రకారునకు అందు ఓడలు, రేవులు, సుంకములు కానవచ్చును. 1358లో అనవోతారెడ్డి మోటుపల్లి రేవున వర్తకులకు అభయమిచ్చుచు వేయించిన శాసనమును దాని ప్రక్కన పెట్టి చూచినచో కవి మాట ఎంతవఱకు నిజమో తేలును. శాసనము పలుకని చోట కావ్యమును పిలుచుట, కావ్యము హెచ్చుగా పలికిన చోట శాసనముతో సరిచూచుట, ఇదియే పద్ధతి.

ఈ పద్ధతి మన పల్నాటి విద్యార్థికి మఱింత అవసరము. వాడు చరిత్ర చదువుటకు పోవునప్పుడు వట్టి చేతులతో పోడు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల యుత్సవము చూచి యుండును. బ్రహ్మనాయని పక్షమో నాగమ్మ పక్షమో తాతవద్దనే తేల్చుకొని యుండును. తరగతిలో అధ్యాపకుడు ఆధార మేది యని అడిగినప్పుడు వానికి కోపము వచ్చును. కొందఱు కథ నంతటిని అబద్ధమని పాఱవైచి ఇల్లు చేరుదురు. కొందఱు ఆధారముల నన్నిటిని కుట్ర యందురు. శర్మగారి పుస్తకమున పది పుటలు నెమ్మదిగా చదివినవా డీ రెండు తప్పులును చేయడు.

నాలుగైదేండ్ల క్రిందట మాచర్ల ప్రాంతమునుండి వచ్చిన మా శిష్యుడొకడు ఎం.ఏ. చరిత్రలో చేరుదునని చెప్పగా, వాని తండ్రి కళాశాలకు వచ్చి, దానితో అన్నము పుట్టునా మాస్టారూ యని నన్నడిగెను. రైతు అడిగిన ప్రశ్న, త్రోసిపుచ్చరానిది. పుట్టునని నేను హామీ ఈయలేకపోతిని. శర్మగారి కథ కొంత చెప్పితిని. ఆయన ధనికుడాయెనా యని వెంటనే అడిగెను. ఆయన యావజ్జీవము శాసనములు చదువుచు 1963లో గతించిరని మాత్రము చెప్పితిని. తండ్రి కొంతసేపు ఊరకుండి, కుఱ్ఱవాని ముఖము చూచి లేచెను.

వాడు చేరినాడు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు, ఫిరంగిపురమున బస్సు దిగి సంతానసాగర మెక్కడ నని ముగ్గురిని అడిగితినని చెప్పెను. ముగ్గురును మూడు దిక్కులు చూపిరట. వాని చేతిపుస్తకమున 1331, దాని క్రింద 78 వ్రాసి, గీతగీసి కూడిన లెక్క యున్నది.