దోషస్థలము నెఱిగించిన విజ్ఞాని: సర్ చార్లెస్ వీట్‌స్టన్

దీపమారినపుడు గృహస్థునకు కావలసినది వెలుగు. లైనుమీది ఉద్యోగికి కావలసినది దోషస్థలము. హాడో వంటి కొండవాలు ప్రదేశమున, కుండపోత వానలో, తీగ పొడవునా నడచి తెగినచోటును వెదకుట ఎంత కష్టమో ఈ దీవులవారికి చెప్పనక్కఱలేదు. స్టేషనులో కూర్చుండియే ఆ చోటును గణించు విద్యకు పునాది వేసినవారిలో చార్లెస్ వీట్‌స్టన్ ముఖ్యుడు.

ఆయన 1802 ఫిబ్రవరి 6వ తేదీన ఇంగ్లండులో గ్లోస్టర్ సమీపమున జన్మించెను. వంశవృత్తి సంగీతవాద్యముల వ్యాపారము. కాన్సర్టీనా యను వాద్యమును ఆయనయే నిర్మించెను. విశ్వవిద్యాలయమున చదువకయే 1834లో లండను కింగ్స్ కళాశాలలో ఆచార్యపదవి నందెను. కాని సభాకంపము ఆయనను జీవితాంతము వీడలేదు. ఆయన పరిశోధనలను మిత్రుడగు ఫారడే పలుమార్లు సభలలో వివరించెను.

ఆ 1834లోనే అర మైలు తీగలో విద్యుత్తును పంపి, వేగముగా తిరుగు అద్దములో నిప్పురవ్వల ప్రతిబింబములను పరిశీలించి, దాని వేగమును కొలువ యత్నించెను. వచ్చిన అంకె కాంతివేగమును మించినది. అది సరికాదని తరువాత తేలెను. అయినను తీగలోని అత్యల్పకాలమును కొలువవచ్చునని ఋజువయ్యెను.

1837లో కుక్ అను వ్యాపారదక్షునితో కలిసి తంతియంత్రమునకు పేటెంటు పొందెను. ఘనత ఎవరిదను వివాదము మిత్రులిరువురిని విడదీసెను. 1841లో మధ్యవర్తులు ఇరువురికిని భాగము కలదని తీర్పు చెప్పిరి. కీర్తికొఱకు ఇట్లు వాదులాడిన ఆయనయే, 1843లో రాయల్ సొసైటీకి విద్యుత్ కొలతలగూర్చి సమర్పించిన వ్యాసములో, నిరోధమును కొలుచు నాలుగు భుజముల వలయమును 1833లోనే క్రిస్టీ వర్ణించెనని నిజాయితీతో అంగీకరించెను. లోకము మాత్రము దానిని వీట్‌స్టన్ వంతెన యనియే పిలిచెను.

ఆ వలయమున భుజముల నిష్పత్తులు సమమైనపుడు మధ్యనున్న గాల్వనామీటరు సూచి నిశ్చలమగును. మూడు భుజములు తెలిసినచో నాల్గవది తెలియును. తరువాతివారగు మర్రే, వార్లీ దీనినే దోషాన్వేషణమునకు మలచిరి. భూమిని తాకిన తీగను, దానితో సమానమగు మంచి తీగను అవతలికొనలో కలుపుదురు. లైను 10 కిలోమీటర్లైనచో వలయము 20 కిలోమీటర్లు. సూచి నిలిచినపుడు మంచి తీగవైపు భుజము 3 వంతులు, దోషపు తీగవైపు భుజము 1 వంతు అయినచో, దోషము 20లో నాల్గవ వంతు, అనగా 5 కిలోమీటర్ల దూరమున నుండును. భూగర్భ కేబుళ్లకు నేటికిని ఈ పద్ధతి ఉపయోగపడుచున్నది.

హెచ్చు వోల్టేజి లైన్లలో ఇపుడు మఱియొక మార్గము గూడ కలదు. దోషస్థలమునుండి బయలుదేరిన తరంగము రెండు సబ్‌స్టేషన్లకు చేరు కాలభేదమును బట్టి దూరమును గణింతురు. మైక్రోసెకనులో ఆ తరంగము ఇంచుమించు 300 మీటర్లు పోవును. ఒక పద్ధతి నిష్పత్తిపై, మఱియొకటి కాలముపై ఆధారపడినవి. రెంటి ఆలోచనలును వీట్‌స్టన్ ప్రయోగశాలలో గోచరించినవే.

1868లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1875 అక్టోబరు 19వ తేదీన పారిస్ నగరమున కీర్తిశేషుడయ్యెను. సభలో నోరు మెదపలేని ఆ విజ్ఞాని, మాటలాడని తీగచేత తన దోషమును తానే చెప్పించు ఉపాయమును లోకమున కందించి పోయెను.