ఎలెయొనోరా డూజె

నాటకమనగానే ముఖమున రంగు, శిరమున కృత్రిమకేశములు, బిగ్గరగా పలుకు పలుకులు మనకు స్ఫురించును. వీని నాశ్రయింపకయే లోకఖ్యాతి గాంచిన ఇటలీదేశపు నటీమణి ఎలెయొనోరా డూజె చరిత్రమును విద్యార్థులకొరకు మేము సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈమె 1858వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన విజేవానో పట్టణమున జన్మించెను. తండ్రియు తాతయు నటులే. ఊరూర తిరుగు నాటకసమాజమే ఆమెకు ఇల్లును బడియు నయ్యెను. నాలుగేండ్ల ప్రాయమున రంగస్థల మెక్కెను. పదునాలుగేండ్ల ప్రాయమున వెరోనా నగరమున జూలియెట్ వేషము ధరించెను. బాల్యమంతయు పేదరికమున గడచెను. 1879లో నేపుల్సు నగరమున జోలా రచించిన నాటకములో నటించి కీర్తి గడించెను.

ఆ కాలపు నటులు పెద్ద హావభావములతో ప్రేక్షకులను మెప్పించుచుండిరి. డూజె యట్లు చేయలేదు. పాత్రయొక్క దుఃఖమును ముందు తన హృదయమున నెలకొల్పుకొని, పిదప ముఖమున గనబడనిచ్చెడిది. 1895లో లండను నగరమున ఆమెయు, ఫ్రాన్సుదేశపు సారా బెర్నార్డును ఒకే నాటకమున ఒకే పాత్రను వేర్వేరుగా నటించిరి. విమర్శకుడగు బెర్నార్డు షా డూజెకే పెద్దపీట వేసెను.

ఈ కీర్తికి ఆమె చెల్లించిన వెల తక్కువది కాదు. దేశదేశములు తిరుగుటచే ఏకైకపుత్రి ఎన్రికెట్టా తల్లికి దూరముగా వసతిగృహములందు పెరిగెను. 1909లో డూజె రంగస్థలమును విడిచెను. 1916లో గ్రాట్సియా డెలెద్దా నవల ననుసరించి తీసిన చేనెరె యను మూకచిత్రమున, కుమారుని మేలుకోరి వానిని విడిచిన తల్లిగా నటించెను. చేనెరె యనగా బూడిద. ఆమె నటించిన చలనచిత్ర మిది యొక్కటియే. అందు తన నెరసిన తలను ఆమె దాచుకొనలేదు. ఆ చిత్రము నేటికిని నిలిచియున్నది.

యుద్ధానంతరము ధనము క్షీణింపగా 1921లో ట్యూరిను నగరమున మరల రంగస్థల మెక్కెను. ఇబ్సెను నాటకములోని యువతిపాత్రను సైతము తెల్లని తలతోనే నటించెను. ఆరోగ్యము చెడినను ప్రయాణములు మానలేదు. 1924 ఏప్రిలు 21న అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున న్యుమోనియాచే మరణించెను. ఆమె దేహమును స్వదేశమునకు గొనిపోయి ఆసోలో గ్రామమున సమాధి చేసిరి.

బాలబాలికలారా! వయస్సును, దుఃఖమును, నెరసిన వెండ్రుకలను దాచుకొనక, వానినే తన కళకు సాధనములుగ జేసికొనిన యీమె జీవితము స్మరింపదగినది. ఉన్నదానిని ఉన్నట్లు చూపుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమే ఆమె కాభరణము.