తాత మాట దిద్దని జోరా

ఈసారి జోరా నీల్ హర్‌స్టన్ గురించి రాస్తున్నాను. ఈమె అమెరికాలో పేరున్న నల్లజాతి రచయిత్రి. 1891లో అలబామా రాష్ట్రంలో పుట్టింది. పెరిగింది ఫ్లోరిడాలో ఈటన్‌విల్ అనే నల్లవాళ్ల ఊళ్లో. 13 ఏళ్లకి తల్లి చనిపోయింది. తర్వాత చదువు దెబ్బతింది. 26 ఏళ్లప్పుడు వయసు పదేళ్లు తగ్గించి చెప్పి మళ్లీ బడిలో చేరింది. (వార్డెన్ సారూ, మా సర్టిఫికెట్లు సరిగానే ఉన్నాయండీ!)

తర్వాత న్యూయార్కులో ఫ్రాంజ్ బోయాస్ అనే పెద్ద ప్రొఫెసర్ దగ్గర మానవశాస్త్రం చదివింది. 1927లో అలబామాలో కడ్జో లూయిస్ అనే ముసలాయన్ని కలిసింది. 1860లో ఆయన్ని ఆఫ్రికా నుంచి క్లోటిల్డా అనే ఓడలో బానిసగా పట్టుకొచ్చారు. అట్లా తేవడం అప్పటికి 52 ఏళ్ల కిందటే చట్టం నిషేధించింది. అయినా దొంగచాటుగా తెచ్చారు.

మొదటిసారి జోరా తప్పు చేసింది. తాత గురించి రాసిన వ్యాసంలో చాలా భాగం వేరేవాళ్ల పుస్తకంలోంచి ఎత్తి రాసిందని తర్వాత పరిశోధకులు కనిపెట్టారు. ఇది నాకు నచ్చలేదు, కాని దాచకూడదు కదా.

ఆమె మళ్లీ వెళ్లింది. కొసోలా అని ఆయన అసలు పేరుతో పిలిచింది. ఆ పిలుపుకి ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడు నెలలపాటు పళ్లు పట్టుకుని వెళ్తూ వస్తూ ఉంది. కొన్ని రోజులు తాత మాట్లాడనని తోటపని చేసుకునేవాడు. అట్లాంటప్పుడు ఆమె అడగడం మానేసి చర్చి ఊడ్చేది. ఒక్కోరోజు ఇద్దరూ పుచ్చకాయ తిని ఊరుకునేవాళ్లు. మెల్లగా అన్నీ చెప్పాడు. తెల్లారుజామున దహోమీ సైనికులు ఊరిమీద పడడం, ఓడ ప్రయాణం, ఐదేళ్ల పైన బానిసతనం, భార్యా ఆరుగురు పిల్లలూ తనకంటే ముందే పోవడం. ఫోటో తీస్తానంటే మంచి కోటు తొడుక్కుని, చెప్పులు మాత్రం విప్పేసి నిలబడ్డాడు, ఆఫ్రికాలో ఉన్నట్టు కనపడాలని.

బానిసల్ని కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ రాసిన కాగితాలు బోలెడు. అమ్ముడుపోయిన మనిషి ఏమనుకున్నాడో వాటిల్లో దొరకదు.

1931లో పుస్తకం పంపితే, తాత యాస తీసేసి మంచి భాషలో రాయమన్నారు ప్రచురణకర్తలు. జోరా ఒప్పుకోలేదు. పుస్తకం ఆగిపోయింది. సెలవల్లో మా అవ్వ చెప్పిన కథ రాసుకుని, హాస్టలుకొచ్చాక పాఠాల భాషలోకి దిద్దినవాణ్ణి నేను. ఆ నోటుబుక్కు ఇప్పుడు చూస్తే అవ్వ గొంతు వినపడడం లేదు.

తాత 1935లో పోయాడు, జోరా 1960లో పోయింది. ఆమె సమాధికి 1973 దాకా రాయి కూడా లేదు. ఆలిస్ వాకర్ అనే రచయిత్రి వెతుక్కుంటూ పోయి పెట్టించింది. ఆ పుస్తకం, 'బారకూన్', 2018లో అచ్చయింది, తాత మాట్లాడిన యాసలోనే.