కెల్స్ గారి చెయ్యి

పేషెంటు నోట్లో ఎక్స్‌రే ఫిల్ము జారిపోతుంటే మన వేలితోనే అదిమి పట్టేస్తాం. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంటాం. బహదూర్‌పురాలో దవాఖానా పెట్టుకున్న పాత విద్యార్థులకైనా ఈ అలవాటు పోయిందో లేదో! ఎడ్మండ్ కెల్స్ కథ అందుకే చెబుతున్నాను.

ఆయన 1856లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. తండ్రి కూడా పళ్ళ డాక్టరే. 1878లో న్యూయార్క్‌లో చదువు ముగించి సొంతవూళ్ళో ప్రాక్టీసు చేశాడు. కరెంటు పనులంటే మహా పిచ్చి. ఆపరేషన్లో రక్తం, ఉమ్మి పీల్చేసే పంపు తయారుచేశాడు. డ్రిల్లు తుంపర మొహాన పడకుండా ఇవాళ మనం వాడే సక్షన్‌కు అది తాతలాంటిది.

1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలు కనిపెడితే, 1896లోనే కెల్స్ పళ్ళకు ఎక్స్‌రే తీశాడు. ఆనాటి ట్యూబు ఒక్కోసారి ఒక్కోలా పనిచేసేది. అది కుదిరిందో లేదో తెలియడానికి తన చేతినే కిరణాలకు అడ్డంపెట్టి, తెరమీద ఎముకలు చూసుకునేవాడు. అలా ఎన్నిసార్లో! అప్పటికి నొప్పేమీ లేదు. ఏళ్ళు గడిచాక క్యాన్సరు బయటపడింది. ముందు వేళ్ళు తీసేశారు, తర్వాత చెయ్యి. ఆపరేషన్లు పదులకొద్దీ జరిగాయి. అంత బాధలోనూ తోటి డాక్టర్లను హెచ్చరిస్తూ రాశాడు. చివరికి తట్టుకోలేక 1928 మే 7న తన ప్రాణం తానే తీసుకున్నాడు.

బోస్టన్ దంతవైద్యుడు రోలిన్స్ 1901 నాటికే గినీ పందులమీద పరీక్షలు చేసి, ట్యూబుకు సీసపు తొడుగు వెయ్యమన్నాడు. విన్నవాళ్ళు తక్కువ. ఇప్పుడు మనకు సీసపు ఆప్రాన్ ఉంది, ఆరడుగుల దూరం నిబంధన ఉంది, ఫిల్ము హోల్డరూ ఉంది. హోల్డరున్న డ్రాయరు తాళంచెవి మాత్రం అటెండరు జేబులో ఉంటుంది.