మార్కెట్ పేరు వెనక నందిగామ మనిషి

జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ మీదుగా విజయవాడ కోచింగుకు వెళ్తుంటారా? అక్కడి కాళేశ్వరరావు మార్కెట్ మీకు తెలిసే ఉంటుంది. ఆ పేరు నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు గారిది.

బందరు నోబుల్ కాలేజీలో చదివి, బెజవాడలో ప్లీడరయ్యారు. ఇప్పటి మాటల్లో సెటిలైపోయినట్టే. సహాయ నిరాకరణ పిలుపు రాగానే ఆ ప్రాక్టీసు వదిలేశారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలోనే సమావేశమైంది. గాంధీజీ వచ్చారు. జూన్ నెలాఖరుకల్లా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలన్నారు. టార్గెట్ చూశారా! తీర్మానం నాయకులదే గానీ పని ఊళ్లది. సభ్యత్వం పావలా. సభకు వెళ్లి చప్పట్లు కొట్టడం వేరు, పావలా ఇచ్చి పేరు రాయించుకోవడం వేరు. ఆ రోజుల్లో అలా పేరిస్తే పోలీసుల కంట్లో పడ్డట్టే.

కాళేశ్వరరావు గారు జైలుకూ వెళ్లారు. ఫ్రెంచి విప్లవం మీద తెలుగులో పుస్తకం రాశారు. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఇంకో సంగతి: ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్ ఈయనే. 1956 డిసెంబరులో ఆ కుర్చీ ఎక్కేసరికి వయసు డెబ్బై దాటింది. 1962లో కన్నుమూసేదాకా అందులోనే ఉన్నారు. ఆత్మకథ కూడా రాశారు. లైబ్రరీలో కనబడితే వదలకండి.